అధ్యక్షురాలి సంతకం

భారతదేశంలో స్త్రీకి దక్కవలసిన గౌరవం పూర్తిగా దక్కిన చోటు ఒకే ఒక్కటి ఉంది. అది వరంగల్‌లో, మా గిన్నెల గల్లీలో, మొదటి అంతస్తులో, మెట్లెక్కగానే ఎడమచేతి పక్కన ఉంది. స్టీలు, ఇత్తడి సామాన్ల వర్తక సంఘం అని బోర్డు కనిపిస్తుంది. ఆ బోర్డు కొంచెం వంగి ఉంటుంది. వినయంతో కాదు, ఒక మేకు ఊడిపోయింది.

మా సంఘంలో సభ్యులు నలభై ముగ్గురు. అందులో నలభై ఒక్కరు స్త్రీలు! మిగిలిన ఇద్దరిలో ఒకాయనకు పెళ్ళి కాలేదు, ఇంకొకాయన భార్య పోయి మళ్ళీ చేసుకునే ప్రయత్నంలో ఉన్నాడు. చట్టసభల్లో మూడో వంతు కోసం ఆడవాళ్ళు ఎన్నేళ్ళు కొట్లాడారో మీకు తెలుసు. మేము ఎవరూ అడగకుండానే తొంభై అయిదు శాతం ఇచ్చేశాం.

ఇది ఎలా సాధ్యమైందంటే, మా గల్లీలో దుకాణాలన్నీ భార్యల పేరు మీదే ఉన్నాయి. పెళ్ళాం పేరు కలిసొస్తుందని అయ్యగారు చెబితే పెట్టినవాళ్ళు కొందరు. ఆడవాళ్ళ పేరైతే ఆఫీసుల్లో మెత్తగా మాట్లాడతారని పెట్టినవాళ్ళు కొందరు. మిగతావాళ్ళు పక్క దుకాణం వాడు పెట్టాడు కాబట్టి, వాడికేదో తెలిసే ఉంటుందని పెట్టారు. దుకాణం ఎవరి పేరున ఉంటే సంఘంలో సభ్యత్వం వారిదే అని మా నిబంధన. ఆ విధంగా నలభై ఒక్క మంది స్త్రీలు సభ్యులయ్యారు. అయితే ఈ ఇరవై ఎనిమిదేళ్ళలో వారిలో ఒక్కరు కూడా సంఘం మెట్లెక్కలేదు. మా మీద వారికున్న నమ్మకం అలాంటిది.

వారి తరఫున భర్తలు వస్తారు, కూర్చుంటారు, టీ తాగుతారు, మినిట్స్ పుస్తకంలో భార్యల సంతకాలు పెట్టి వెళతారు. నేను ఆ సంఘానికి ప్రధాన కార్యదర్శిని. నా పేరు సుదర్శన్. కాగితం మీద మాత్రం శ్రీమతి రమ, అంటే నా భార్య. రమ సంతకం నేను కళ్ళు మూసుకుని పెట్టగలను. నా సంతకమే ఒక్కోసారి తడబడుతుంది.

మా అధ్యక్షురాలు శ్రీమతి కమల. ఆమె కుర్చీలో కూర్చునేది ఆమె భర్త కిషన్ రావు. మినిట్స్ రాసేది నేనే కాబట్టి నియమం తప్పకుండా రాస్తాను. "అధ్యక్షురాలు గారు మీసం తుడుచుకుని ప్రసంగం ప్రారంభించారు" అని ఒకచోట ఉంటుంది. "గడ్డం గీసుకునేటప్పుడు అధ్యక్షురాలు గారి చెంప తెగినందున సమావేశం వాయిదా పడినది" అని మరోచోట ఉంటుంది. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పు పట్టలేదు. ఎవరూ చదవలేదు మరి.

ఇంతకూ అసలు కమల ఏం చేసేదని అడుగుతారు. కింద దుకాణంలో పేర్లు కొట్టేది.

మా వైపు స్టీలు గిన్నె కొన్నవాళ్ళు పేరు కొట్టించకుండా ఇంటికి పోరు. పెళ్ళికి ఇచ్చే బిందె మీద ఇచ్చినవారి పేరు ఉండాలి, లేకపోతే ఇచ్చామని ఎవరికి తెలుస్తుంది? పక్కింటికి పోయే కూర గిన్నె మీద ఇంటివారి పేరు ఉండాలి, లేకపోతే ఆ గిన్నె తిరిగి రాదు. నేను వదినా అని పిలిచే కమల, దుకాణం గుమ్మం దగ్గర పీట వేసుకుని, చిన్న కరెంటు మిషను చేత్తో పట్టుకుని జుయ్యిమని పేర్లు కొడుతుంది. గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉంటాయి. హనుమకొండలో, కాజీపేటలో, అటు ములుగు దాకా ఏ ఇంటి వంటగదిలోకి పోయినా ఆమె చేతిరాత కనిపిస్తుంది. ఆమె తల మీద గోడకు ఒక బోర్డు వేలాడుతుంటుంది. "పేరు కొట్టిన సామాను వాపసు తీసుకోబడదు." ఇన్ని వేల మంది పేర్లు రాసిన ఆ చేతికి తన పేరు రాసుకునే అవసరం మాత్రం ఎన్నడూ రాలేదు. ఆ పని కిషన్ రావు చూసుకున్నాడు.

ఇంకొక్క సంగతి చెప్పి అసలు కథలోకి వస్తాను. మా గల్లీ మొత్తానికి బాత్రూము ఒకటే. అది సంఘం ఆఫీసులో ఉంది. తలుపు మీద "సభ్యులకు మాత్రమే" అని రాసి ఉంటుంది. తాళంచెవి కిషన్ రావు జేబులో ఉంటుంది. మగవాళ్ళకు ఇబ్బంది లేదు, ఊళ్ళో గోడలు చాలానే ఉన్నాయి. దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు ముప్పై మంది దాకా ఉంటారు, వాళ్ళు పొద్దున పదింటి నుంచి దుకాణాలు మూసేదాకా నీళ్ళు తాగకుండా ఉంటారు. పోయిన ఎండాకాలం కమల వదినకు నొప్పి లేచి దవాఖానకు పోతే, నీళ్ళు బాగా తాగాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చాక వదిన తాళంచెవి అడిగింది. అది సభ్యులకే ఇవ్వాలని కిషన్ రావు గుర్తు చేశాడు. ఆయన నియమం అంటే ప్రాణం పెట్టే మనిషి.

అలాంటి రోజుల్లో ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది.

మా సంఘాలన్నింటికీ పైన అఖిల భారత గృహపాత్రల వర్తక మహాసమాఖ్య అని ఒకటుంది. అరవై నాలుగేళ్ళలో దానికి పందొమ్మిది మంది అధ్యక్షులయ్యారు. పందొమ్మిది మందీ మగవాళ్ళే. దేశంలో పెద్ద పెద్ద పదవుల్లోకి స్త్రీలు వస్తున్న ఈ కాలంలో తాము వెనకబడినట్టు వారికి హఠాత్తుగా తోచింది. ఈసారి జాతీయ అధ్యక్ష పదవికి ఒక స్త్రీనే నామినేట్ చేయాలని తీర్మానించారు. పాతికేళ్ళు ఎడతెగకుండా సమావేశాలకు హాజరైన మహిళ కోసం దేశమంతా వెతికారు. ఒకే ఒక్క పేరు తేలింది. వరంగల్, శ్రీమతి కమల. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క సమావేశం కూడా తప్పలేదు!

నిజమే, తప్పలేదు. కూతురు హారిక పుట్టిన రోజున కూడా మినిట్స్‌లో ఆమె సంతకం ఉంది. పురిటి మంచం మీద నుంచి లేచి వచ్చి, సభ్యత్వ రుసుము మీద అరగంట మాట్లాడి, మళ్ళీ వెళ్ళి పడుకుందన్న మాట. ఇలాంటి మహిళ చరిత్రలో ఇంకొకరు ఉంటే చూపించండి.

ఆ సాయంత్రం సంఘంలో పండగ చేసుకున్నాం. కిషన్ రావు లేచి, ఇది యావత్తు మహిళా లోకానికి దక్కిన గౌరవమని, అధ్యక్షురాలిగా తాను ఎన్ని కష్టాలు పడి ఇక్కడిదాకా వచ్చిందీ చెప్పుకొచ్చాడు. చివర్లో ఆయన గొంతు బొంగురుపోయింది. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నేను పేపర్లకు ప్రకటన రాశాను. మర్నాడు ఆయన సఫారీ సూటు కుట్టించుకోవడానికి కొలతలిచ్చాడు.

కమల వదినకు ఈ సంగతి మూడో రోజున తెలిసింది. గిన్నెలు చుట్టే పాత పేపర్లో తన పేరు చూసింది.

ఆ ఉత్తరంలో చిన్న షరతు ఒకటుంది. నామినేషన్ పత్రం మీద అభ్యర్థి ఎన్నికల అధికారి ముందు సంతకం పెట్టాలి. ఆ సంతకాన్ని పాత మినిట్స్‌తో పోల్చి చూస్తారు. ఎన్నికల అధికారి వీరభద్రం గారు, హైదరాబాదులో ఉండే రిటైరైన బ్యాంకు అధికారి. ముప్పై అయిదేళ్ళు చెక్కుల మీద సంతకాలు పోల్చిన మనిషి. ఆయన సోమవారం పొద్దున బండికి కాజీపేటలో దిగుతాడని తెలియగానే కిషన్ రావు ముఖం వాడిపోయింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆయన చేతిలో పెరిగి పెద్దదైన కమల సంతకం కమలకు రాదు.

నేర్పాలి. నాలుగు రోజులే ఉన్నాయి. రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ కొన్నాడు. దుకాణంలో బేరం లేని వేళ చూసి భార్యను ఎదురుగా కూర్చోబెట్టి ఆమె సంతకం ఆమెకు నేర్పడం మొదలుపెట్టాడు. నేను పక్కన సాక్షిని.

"గట్ల కాదే. క కు కొరడా లెక్క ఇట్ల గుంజాలె. కింద గీత, గీత కింద రెండు చుక్కలు."

"నా పేరు నాకు రాయొస్తది కదా," అంది వదిన.

"నీకొచ్చేది నీ పేరు. సంఘానికి కావాల్సింది అధ్యక్షురాలి పేరు."

ఆమె రాసింది. ఎంత గుంజినా కొరడా రాలేదు, అక్షరం గుండ్రంగానే తిరిగింది. కిషన్ రావుకు విసుగొచ్చింది. ఇన్నేళ్ళ నుంచి పెడుతున్న సంతకం, తన సంతకం తనకే రాకపోతే ఎట్లా అని కోప్పడ్డాడు. అందులో తప్పేముందో ఆయనకు తోచలేదు. నిజం చెప్పొద్దూ, ఆ రోజు నాకూ తోచలేదు.

మూడో రోజుకు ఆమె నేర్చుకుంది. నేర్చుకోవడమంటే మామూలుగా కాదు, కిషన్ రావు కన్నా బాగా పెట్టింది. కొరడా నిటారుగా లేచింది, చుక్కలు రెండూ అద్దినట్టు పడ్డాయి. ఆయన పొంగిపోయి నాలుగు మిర్చీలు తెప్పించి, సూటు ట్రయల్‌కు పోయాడు. దుకాణంలో వదిన, నేను మిగిలాం.

"తమ్మీ, ఢిల్లీల అధ్యక్షురాలినైతె నేనేం జేయాలె?"

ఏం చేసేది ఉండదని, అన్నీ అన్ననే చూసుకుంటాడని చెప్పాను.

"ఏమన్న అడగొచ్చునా?"

"ఏమడుగుతవ్ వదినా?"

"పైన బాత్రూం తాళంచెవి."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పోయిన నెల మొగిలమ్మ కళ్ళు తిరిగి పడిపోయింది, ఎందుకు పడిందో తెలుసా అని అడిగింది. మొగిలమ్మ నా దుకాణంలో గిన్నెలు తుడిచే మనిషి. శనివారం ఉపవాసం కాబోలు అనుకున్నానని చెప్పాను. వదిన మిషను పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "నీళ్ళు తాగకపోతె పడదా? పది మంది మొగోళ్ళు పైన కూసుండి చాయ్ తాగుతరు. మేం ముప్పై మందిమి కింద నోరు గట్టుకుంటం. గింతే అడుగుత, ఇంకేం వద్దు," అంది. అన్నతో మాట్లాడతానన్నాను. మాట్లాడలేదు.

సోమవారం వచ్చింది. సంఘం పుట్టిన తర్వాత మొదటిసారి అధ్యక్షురాలు మెట్లెక్కి పైకి వచ్చింది. కార్యవర్గ సభ్యులు తొమ్మిది మంది లేచి నిలబడ్డారు. ఆమెను ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే అధ్యక్షురాలి కుర్చీలో కిషన్ రావు కూర్చుని ఉన్నాడు. చివరికి మినిట్స్ పుస్తకాలు పెట్టిన స్టూలు ఖాళీ చేసి ఇచ్చాం.

వీరభద్రం గారు పుస్తకాలు ముందు వేసుకుని సంచిలోంచి భూతద్దం తీశారు. నామినేషన్ పత్రం ఆమె ముందుకు జరిపారు. వదిన పెన్ను తీసుకోకుండా, ఎదురుగా ఉన్న బాత్రూము తలుపు వైపు చూసింది. దాని మీది అక్షరాలు పైకే చదివింది. తర్వాత భర్త వైపు తిరిగింది.

"నేను సభ్యురాలినే కదా. ముందుగాల తాళంచెవి ఇయ్యుండ్రి."

కిషన్ రావు వీరభద్రం గారి వైపు చూసి నవ్వి, ఆడవాళ్ళకు సమయం సందర్భం తెలియవన్నట్టు తల ఊపాడు. "ముందు సంతకం పెట్టు. అది తర్వాత చూద్దాం," అన్నాడు.

"తర్వాతనా?" అంది వదిన. పెన్ను తీసుకుంది. నిదానంగా, బిందె మీద కొట్టినంత శ్రద్ధగా, తన గుండ్రటి అక్షరాలతో కమల అని రాసింది. కొరడా లేదు, గీత లేదు, చుక్కలు లేవు.

వీరభద్రం గారు భూతద్దం కింద పత్రాన్ని చూశారు. పుస్తకాన్ని చూశారు. మళ్ళీ పత్రాన్ని చూశారు. ఆమె ముఖం మాత్రం చూడలేదు, అది వారి పని కాదు.

"కలవడం లేదు," అన్నారు. "రెండే మార్గాలున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళ సంతకాలు తప్పైనా కావాలి, ఈవిడ కమల గారు కాకనైనా పోవాలి. ఏమని రాసుకోమంటారు?"

మేమంతా మినిట్స్ పుస్తకాల వైపు చూశాం. ఆ పుస్తకాల్లో ఉన్నది కమల సంతకం ఒక్కటే కాదు, నలభై ఒక్క మంది భార్యల సంతకాలున్నాయి. ఒకటి తప్పైతే అన్నీ తప్పే. మా తీర్మానాలు, మా పదవులు, మా పరువు మొత్తం నీళ్ళలో కొట్టుకుపోతాయి. నేను రమనై ఎన్నిసార్లు సంతకం పెట్టానో మనసులో గుర్తు చేసుకున్నాను. తొమ్మిది మందిమీ కిషన్ రావును చూశాం. ఆయన ఒకసారి భార్యను, ఒకసారి భుజం మీద వేసుకొచ్చిన కొత్త సఫారీ కోటును చూసుకున్నాడు.

"ఈమె కమల కాదు," అన్నాడు. "మా దుకాణంల పేర్లు కొడ్తది."

రాసివ్వమన్నారు వీరభద్రం గారు. రాసింది నేనే. "ఇందుమూలముగా ధ్రువీకరించునదేమనగా, పై సంతకము చేసిన స్త్రీ నా భార్య శ్రీమతి కమల కాదు." దాని కింద కిషన్ రావు బతుకులో మొదటిసారి సంఘం కాగితం మీద తన సొంత సంతకం పెట్టాడు. సాక్షిగా శ్రీమతి రమ సంతకం నేను పెట్టాను. ఎక్కడా తడబడలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మరి అసలు కమల గారు ఎక్కడున్నారని వీరభద్రం గారు అడిగారు. ఒంట్లో బాగాలేక ఇంట్లో ఉందని కిషన్ రావు చెప్పాడు. అభ్యర్థి అనారోగ్యంగా ఉంటే తరఫు మనిషి సంతకం పెట్టవచ్చని నియమావళిలో ఉందట. ఇంకో పత్రం తీశారు. కిషన్ రావు కొరడా గుంజి, గీత గీసి, రెండు చుక్కలు పెట్టాడు. భూతద్దం వెనక వీరభద్రం గారి కన్ను ఆనందంతో పెద్దదైంది. "ఇదీ సంతకం! అచ్చు గుద్దినట్టు కలిసింది. మనిషిదేముందండీ, ఈ రోజు ఉంటాడు రేపు పోతాడు. సంతకం కలవాలి," అన్నారు.

భార్య భార్య కాదని తేలాక, భర్త భార్య అని తేలింది. చారిత్రాత్మక నామినేషన్ ఆమోదం పొందింది.

వదిన ఆ ధ్రువీకరణ కాగితం తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. "మంచిగ రాసినవ్ తమ్మీ," అంది నాతో. తర్వాత కిషన్ రావుతో, "ఐతే రేపట్నుంచి ఆ కమలనే రమ్మనుండ్రి. దుకాణం తీసుడు, పేర్లు కొట్టుడు, ఇంట్ల వండుడు, అన్ని ఆమెకే ఒప్పజెప్పుండ్రి. నేను పోతాన," అని మెట్లు దిగింది. చౌరస్తాలో ఆటో ఎక్కి కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో ఉన్న అక్క ఇంటికి వెళ్ళిపోయింది.

అవి పెళ్ళిళ్ళ రోజులు. మర్నాడు కిషన్ రావే పీట మీద కూర్చుని మిషను పట్టాడు. ములుగు నుంచి వచ్చిన పెళ్ళివారి టిఫిన్ డబ్బాలు యాభై ఒకటి, అన్నింటి మీద రమ్య, ఉదయ్ అని కొట్టాలి. ఇరవై ఎనిమిదేళ్ళ అలవాటు ఊరికే పోతుందా? ప్రతి డబ్బా మీదా ఒక కొరడా లేచింది, దాని కింద గీత, గీత కింద రెండు చుక్కలు. పెళ్ళికూతురి తండ్రి డబ్బాను అటు తిప్పి ఇటు తిప్పి, ఇది ఏ భాష అని అడిగాడు. కిషన్ రావు బోర్డు చూపించబోతే, ఆ పెద్దమనిషి డబ్బా ఎత్తి చూపించాడు. ఇద్దరినీ విడదీసేటప్పటికి నా చొక్కా చిరిగింది.

పోటీలో ఇంకెవరూ లేరు కాబట్టి ఎన్నిక దాకా ఆగకుండా ఆదివారమే సన్మానం పెట్టుకున్నాం. జాతీయ అధ్యక్షురాలికి బహూకరించడానికి రెండు కిలోల ఇత్తడి పళ్ళెం తెప్పించాం. దాని మీద పేరు కొట్టాలి. ఆ మాత్రం పనికి కూడా మా చేతుల్లో ఎవరి చెయ్యీ పనికిరాదని తేలాక, నన్ను కాజీపేట పంపించారు.

నేను వెళ్ళేసరికి వదిన అక్క ఇంటి గడప మీద కూర్చుని చెంబెడు నీళ్ళు తాగుతోంది. అంత తీరుబడిగా ఆమె నీళ్ళు తాగడం నేను ఎన్నడూ చూడలేదు. రమ్మని బతిమిలాడాను. సంసారం సంగతి తర్వాత, పేర్లు కొట్టే మనిషిలాగే వస్తానంది. కాగితంలో నేను రాసింది అదే కదా అని గుర్తు చేసింది. ఒకటే షరతు పెట్టింది. తాళంచెవి తన దుకాణంలో మేకుకు వేలాడాలి, గల్లీలో ఏ ఆడమనిషైనా అడగకుండా తీసుకోవాలి.

కిషన్ రావు గింజుకున్నాడు. యాభై ఒక్క డబ్బాలు ఒకపక్క, ఇత్తడి పళ్ళెం ఒకపక్క. చివరికి తాళంచెవి తీసిచ్చాడు. "మహిళల పట్ల అపారమైన దయతో అధ్యక్షురాలు గారు బాత్రూము తాళంచెవిని తాత్కాలికంగా మంజూరు చేసినారు" అని మినిట్స్‌లో రాశాను. మర్నాడు పొద్దున ఆ మేకు దగ్గరికి మొట్టమొదట వచ్చింది మొగిలమ్మ.

వదిన కిషన్ రావును సారూ అని పిలవడం మొదలుపెట్టింది. "డబ్బాలు ఎక్కడ పెట్టాలె సారూ", "దుకాణం కట్టేస్తున్న సారూ" అంటూ సాయంత్రం కాగానే కాజీపేట బస్సెక్కేది. మొదట ఆయన సరసం అనుకుని నవ్వాడు. తర్వాత ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూడటం మొదలుపెట్టాడు.

పళ్ళెం మీద ఏమని కొట్టాలో కాగితం మీద రాసి ఇచ్చాను. "తొలి జాతీయ మహిళా అధ్యక్షురాలు శ్రీమతి కమల గారికి." ఆమె చదివింది.

"స్టేజి మీద ఇది చేతులు చాపి తీసుకునేదెవలు తమ్మీ?"

"అన్ననే వదినా."

"తీసుకునేటోళ్ళ పేరే కొట్టాలె. ఇన్నేండ్లల్ల నేను ఒక్క పేరు తప్పు కొట్టలే," అంది.

శనివారం సాయంత్రం పళ్ళేన్ని రంగు కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. నేను విప్పి చూశానని, చూసి కూడా ఊరుకున్నానని సంఘంలో కొందరు ఇప్పటికీ అంటారు. అది అబద్ధం. ఏదైనా సరే చదవకుండా ముందుకు పంపడం కార్యదర్శిగా నా బాధ్యత.

ఆదివారం హనుమకొండలో ఫంక్షన్ హాలు నిండిపోయింది. వేదిక మీద పది మంది మగవాళ్ళం. మా వెనక "మహిళా నాయకత్వం, కొత్త శకం" అని పెద్ద ఫ్లెక్సీ. అనారోగ్యంతో రాలేకపోయిన భార్య తరఫున కిషన్ రావు సఫారీలో వెలిగిపోతూ నిలబడ్డాడు. వెనక వరసల్లో మా దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చున్నారు, హాలు నిండాలి కాబట్టి మేమే ఆటోల్లో తెప్పించాం. వీరభద్రం గారు రంగు కాగితం విప్పి, పళ్ళేన్ని పైకెత్తి, మైకులో గంభీరంగా చదివారు.

"తొలి జాతీయ మహిళా అధ్యక్షురాలు శ్రీ కిషన్ రావు గారికి. పేరు కొట్టినది, కమల."

ముందు వరసలకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. వెనక వరసలకు వెంటనే అర్థమైంది. మొదటి నవ్వు మొగిలమ్మది, ఆ గొంతు నాకు తెలుసు. వీరభద్రం గారు మాత్రం నవ్వలేదు. వారి చూపు పళ్ళెం మీద చివరి మూడు అక్షరాల దగ్గర ఆగిపోయింది. సంచిలోంచి భూతద్దం తీశారు, తిరస్కరించిన ఆ పాత పత్రం తీశారు. వేదిక మీదనే రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి సంతకం మీద నుంచి తల ఎత్తి మనిషి ముఖంలోకి చూశారు.

"ఇది కలిసింది," అన్నారు. "మరి మీరెవరండీ?"

మైకు ఆపడం నేను మరిచిపోయాను. ఆ ప్రశ్న చివరి వరసదాకా వినిపించింది. కిషన్ రావు సఫారీ బొత్తాలు సర్దుకుంటూ వెనక ఉన్న ఫ్లెక్సీ వైపు తిరిగాడు.

వీరభద్రం గారి నివేదిక ఢిల్లీకి పోయింది. పన్నెండు రోజులు మా గల్లీలో ఎవరికీ అన్నం సయించలేదు. సంఘం రద్దవుతుందని కొందరు, కేసులవుతాయని కొందరు అన్నారు. నేను ఒక రాత్రి రమకు ఉన్నదంతా చెప్పేశాను. ఆమె అంతా విని, తన సంతకం ఎలా ఉంటుందో ఒకసారి పెట్టి చూపించమంది. పెట్టాను. బాగుందని చెప్పి అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

పదమూడో రోజున జవాబు వచ్చింది. నా మాటల్లో చెబితే మీరు నమ్మరు, అందుకని ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"విషయము కూలంకషముగా విచారించడమైనది. ఇదే పద్ధతి ఇతర రాష్ట్రములలోనూ ఉన్నట్లు తెలిసినందున, దీనిని తప్పుగా పరిగణించినచో మహాసమాఖ్యలో ఎవరునూ మిగలరు. చారిత్రాత్మక నామినేషన్‌ను వెనక్కు తీసుకొనుట మహిళా లోకమునకు అవమానము. ఇరవై ఎనిమిది సంవత్సరములు ఎడతెగకుండా మహిళా సభ్యురాలిగా పనిచేసిన అనుభవము శ్రీ కిషన్ రావు గారికి దక్క దేశములో మరెవ్వరికినీ లేదు. కావున వారినే తొలి జాతీయ మహిళా అధ్యక్షురాలిగా ఏకగ్రీవముగా ఎన్నుకొనడమైనది. అయితే సన్మాన పళ్ళెముపై శ్రీమతి కమల అని సవరించి ఢిల్లీ కార్యాలయములో అలంకరణ నిమిత్తము పంపగలరు."

కిషన్ రావుకు ప్రాణం లేచొచ్చింది. సఫారీ తొడుక్కుని, పళ్ళెం చంకలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి వెళ్ళాడు. వదిన ఒక పెళ్ళి బిందె ఒళ్ళో పెట్టుకుని పేరు కొడుతోంది. పక్కన చెంబు నిండా నీళ్ళున్నాయి. మేకుకు తాళంచెవి లేదు, ఎవరో తీసుకుపోయినట్టున్నారు.

ఆయన పళ్ళెం ఆమె ముందు పెట్టి, ఇది వాపసు తీసుకుని, ఇంకొక పళ్ళెం మీద సరైన పేరు కొట్టిమ్మన్నాడు. గొంతు ఎన్నడూ లేనంత మెత్తగా ఉంది. ఢిల్లీకి ఆమెను కూడా తీసుకుపోతానని, ఎర్రకోట చూపిస్తానని అన్నాడు. జరిగిందేదో జరిగిందని, ఇంటికి రమ్మని కూడా అన్నాడు.

వదిన మిషను ఆపింది. చెంబు ఎత్తి రెండు గుక్కలు తాగి, మూతి తుడుచుకుంది. తల తిప్పకుండానే వేలెత్తి వెనక గోడను చూపించింది.

"బోర్డు చదువుండ్రి సారూ."

ఆయన చదివాడు. నేనూ చదివాను. "పేరు కొట్టిన సామాను వాపసు తీసుకోబడదు. ఇట్లు, ప్రొప్రైటర్." ఇన్నేళ్ళుగా చూస్తున్న బోర్డే గానీ కింద సంతకం ఉన్నట్టు నేనెప్పుడూ గమనించలేదు. రంగు వెలిసిన, కొరడాలా లేచిన ఒక క, దాని కింద గీత, గీత కింద రెండు చుక్కలు.